మోతగాడి ఊపిరి

పోయిన వారం మనం టైలరక్క దుకాణంలో, కుట్టు మిషను పక్కన ఆగాం. అప్పటికి సంగతులు ఇలా ఉన్నాయి. నది ఈ ఊరిని రెండుగా కోస్తుంది; ఒడ్డుకో ఫుట్‌బాల్ జట్టు. ఆదివారం అవతలి ఒడ్డు జట్టు ఇవతలి ఒడ్డు మైదానానికి వస్తోంది. ఆ ఆట ఓడితే ఇవతలి జట్టు కింది తరగతికి జారిపోతుంది. సరిగ్గా ఇలాంటప్పుడు క్లబ్బు పెద్దలు అవతలి ఒడ్డు మేనేజరునే పిలిపించి, ఇన్నేళ్లూ అతను ఓడిస్తూ వచ్చిన జట్టును అతని చేతిలోనే పెట్టారు.

టైలరక్క తమ్ముడు తూర్పు గ్యాలరీలో డ్రమ్ము వాయించేవాడు. అందరికీ అతను మోతగాడు. చలికాలంలో ఒక మధ్యాహ్నం, తను పనిచేసే కార్ఖానాలో లేతు మిషను ముందు నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. ఆ తరువాత గ్యాలరీ ఇంకో డ్రమ్మును రానివ్వలేదు. అతను వాయించిన పద్ధతిలోనే చప్పట్లు కొడుతోంది: దగ్గర దగ్గరగా రెండు, ఒక ఖాళీ, ఆపైన ఒకటి. ఎప్పుడో మణికట్టు విరగడం వల్లే అతని మూడో దెబ్బ ఆలస్యమయ్యేదని అందరి నమ్మకం. ఆ ఖాళీని మోతగాడి ఊపిరి అంటారు. అతను కూర్చున్న చోట ఎంత జనం ఉన్నా ఎవరూ కూర్చోరు. దాని పక్కనే టైలరక్క కూర్చుంటుంది. ఆమె చేతులు లేపందే గ్యాలరీలో ఎవరూ మొదలుపెట్టరు.

పోయిన వారం మనం ఆగిన మధ్యాహ్నం, దుకాణంలో నేల కనపడకుండా తెల్లగుడ్డ పరిచి ఉంది. దాని మీద నల్ల అక్షరాలు అతికి కుట్టే పని టైలరక్కది. "నీ ఒడ్డుకు నువ్వు పో" అన్నది వాక్యం. "నీ ఒడ్డుకు" వరకు అయింది. ఆదివారం కొత్త మేనేజరు మైదానంలోకి అడుగుపెట్టగానే గ్యాలరీ మొత్తం అతనికి వీపు తిప్పి నిలబడాలనీ, ఈ గుడ్డ ఆ వీపుల మీదుగా పరుచుకోవాలనీ అనుకున్నారు. అనుకున్నది ఎక్కువగా మంగలి మామ. మిగతావాళ్లు కాదనలేదు, అంతే.

మామది పక్క దుకాణం. గిరాకీ లేనప్పుడల్లా దువ్వెన చెవి మీద పెట్టుకుని ఇటు వచ్చేస్తాడు. ఆ రోజు గిరాకీ ఉన్నా వచ్చేశాడు. సగం గీసిన గడ్డంతో ఒకాయన అద్దం ముందు కూర్చునే ఉన్నాడు. మామ వాదన చిన్నదే. అవతలి మనిషి అవతలి మనిషే. వాడు చొక్కా మార్చినంత మాత్రాన చర్మం మారదు. వాణ్ణి ఎవరో పంపి ఉంటారు, లోపలినుంచి కూల్చడానికి.

కరెంటాయనకు అంత ఆవేశం లేదు. మైదానంలో దీపాలూ మైకులూ చూసుకునేది ఆయనే. తను చూసినంతలో ఆ మనిషి పొద్దున్నే వచ్చి, ఆటగాళ్లు వెళ్లిపోయాక కూడా ఉండిపోతున్నాడని చెప్పాడు. ఏం చేస్తున్నాడని మామ అడిగితే, ఏమీ చెయ్యడం లేదు, ఖాళీ గ్యాలరీలకేసి చెవి పెట్టి నిలబడుతున్నాడన్నాడు.

"చూశావా? లెక్కలు వేసుకుంటున్నాడు," అన్నాడు మామ.

"చెవులతో లెక్కలేంటి మామా," అంది బస్సు కండక్టరమ్మ. ఆమె డ్యూటీ దిగి, తోలు సంచి ఒళ్లో పెట్టుకుని, కత్తిరించిన అక్షరాలు ఎండకు ముడుచుకోకుండా ఒక్కొక్కటీ సవరిస్తోంది. ఆమె పక్షం వేరు. కింది తరగతికి పోయిన జట్టు మళ్లీ పైకి రావడం తన కళ్లతో చూడలేదని ఆమె అంది. గెలవడం తెలిసినవాడు వచ్చాడు. వాడు ఎక్కడివాడైతే ఏం? వంతెన దాటి ఇటు వచ్చినవాళ్లందరినీ వెనక్కి తోలితే తన బస్సు ఖాళీగా తిరగాలి.

మామ వంతెన అవతలివాడి తల తను ముట్టుకోనని ఏనాడో ఒట్టు పెట్టుకున్నానన్నాడు.

"అల్లుడిది అవతలి ఒడ్డే కదా మామా. నెలనెలా క్షవరం నువ్వే కదా చేస్తావు?" అంది కండక్టరమ్మ.

"అల్లుడు వేరు," అన్నాడు మామ, ఏమాత్రం తొణక్కుండా. "అల్లుడు మనకు గోల్ వెయ్యలేదు."

కరెంటాయన నవ్వు ఆపుకోడానికి బయటికి చూశాడు. టైలరక్క కూడా నవ్వింది గాని, పెదవులు మళ్లీ వెంటనే సర్దుకున్నాయి. మిషను పక్కన తమ్ముడి డ్రమ్ము ఉంది. మీద తెల్లటి దుప్పటి. దుకాణంలో ఎంత ఇరుకైనా దాని మీద ఎవరూ ఏదీ పెట్టరు. ఇన్నాళ్లలో ఆమె నోట "పోయాడు" అన్న మాట రాలేదు. ఎవరైనా అడిగితే "లేడు" అంటుంది. లేడు అంటే ఇప్పుడు ఇక్కడ లేడనే. అంతకు మించి చెప్పవలసిన పని ఆ మాటకు లేదు.

ఆమె మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. అది తల్లి వాడిన మిషను. తోలు బెల్టు ఏనాడో తెగితే ఇనుప కొక్కెంతో అతికించారు. ఆ అతుకు పై చక్రం మీద ఒకసారి, కింది చక్రం మీద ఒకసారి టక్కుమంటుంది. ఆ తరువాత బెల్టు కాస్త జారి, మిషను ఆగుతుంది. ఆమె అరచేత్తో పై చక్రాన్ని ఒక్కటి చరిస్తే మళ్లీ కదులుతుంది. ఆ చరుపు ఆమెకు అలవాటైపోయి, చేతికి తెలుసుగాని మనసుకు తెలియదు.

అప్పుడే వీధిలో ఎవరో నిలబడ్డారు. గుమ్మంలో నీడ పడింది. కండక్టరమ్మ ఒళ్లో సంచి సర్దుకుని, ఎవరి వంకా చూడకుండా అంది.

"నేనే రమ్మన్నాను మామా. నా బస్సులోనే వచ్చాడు. టికెట్టు కొన్నాడు. మనవాళ్లలో సగంమంది కొనరు."

మేనేజరు గుమ్మం బయటే చెప్పులు విడిచాడు. ఇంటికొచ్చిన మనిషిలా కాదు, పరీక్షకు వచ్చిన మనిషిలా ఉన్నాడు. నడివయసు దాటింది. మొహంలో నిద్ర లేదు. నేల మీద పరిచిన గుడ్డను చూశాడు, "నీ ఒడ్డుకు" అని చదువుకున్నాడు, దాన్ని తొక్కకుండా గోడ వారగా నడిచి వచ్చి నిలబడ్డాడు. మామ దువ్వెన చెవి మీదనుంచి తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆయనకు అది చేతులు మడుచుకోవడంతో సమానం.

కూర్చోమని ఎవరూ అనలేదు. టైలరక్క కూడా అనలేదు. అయితే మిషను ఆపలేదు. ఆపితే ఆ మనిషి కోసం ఆపినట్టవుతుంది.

టక్. టక్. బెల్టు జారింది. ఆమె అరచెయ్యి చక్రాన్ని చరిచింది.

మేనేజరు మొహంలో రంగు మారడం ముందు కరెంటాయన చూశాడు. స్టూలు లాగి ఇచ్చాడు. ఆ మనిషి కూర్చోలేదు. మిషను వంకే చూస్తున్నాడు.

"ఇది ఇక్కడినుంచా వచ్చింది," అన్నాడు.

ఏది అని మామ గద్దించాడు. మేనేజరు టైలరక్కను ఇంకొక్కసారి తొక్కమని అడిగాడు. ఆమె తొక్కింది. దగ్గర దగ్గరగా రెండు, ఒక ఖాళీ, ఆపైన అరచేతి దెబ్బ.

ఏళ్ల తరబడి ఈ మిషను పక్కన కూర్చుని కబుర్లు చెప్పుకున్నవాళ్లు, వారం వారం గ్యాలరీలో ఇదే కొట్టినవాళ్లు, ఒక్కళ్లూ ఈ రెంటినీ కలిపి వినలేదు. టైలరక్క సైతం వినలేదు. ఇప్పుడు విన్నది. తల్లి పోయాక తమ్ముణ్ణి ఈ మిషను కిందే పడుకోబెట్టి కుట్టేది. వాడు దారపు ఉండల డబ్బా బోర్లించుకుని వాయించేవాడు. రెండు దెబ్బలు కొట్టి, తల ఎత్తి, ఆమె చెయ్యి చక్రం మీద పడేదాకా ఆగేవాడు. ఆ తరువాత మూడోది ఆమెతో కలిపి కొట్టేవాడు. వాడి మణికట్టు చాలా తరువాత విరిగింది. మణికట్టుకూ ఆ ఖాళీకీ సంబంధం లేదు.

ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చక్రం మీద చెయ్యి మాత్రం అలాగే ఉంచేసింది.

మేనేజరు వచ్చిన పని చెప్పడం మొదలుపెట్టాడు. మెల్లగా, మెరమెచ్చులు లేకుండా చెప్పాడు. ఇన్నేళ్లూ ఈ మైదానంలో తన జట్టు గెలుస్తూ వచ్చింది ఆటవల్ల కాదన్నాడు. ఆ ఖాళీ వచ్చేసరికి తూర్పు గ్యాలరీ మొత్తం ఊపిరి బిగబడుతుంది. మైదానంలో ఉన్న ఇవతలి కుర్రాళ్లు ఈ చప్పట్లు వింటూ పెరిగినవాళ్లే, వాళ్లూ బిగబడతారు. కాళ్లు ఒక్క లిప్త ఆగుతాయి. తన ఆటగాళ్లకు అతను నేర్పింది ఒక్కటే: రెండో దెబ్బ వినగానే పరుగెత్తండి, మూడోది పడేలోపు బంతి వలలో ఉండాలి.

"మీరు ఓడిపోయిన ఆటలన్నీ గుర్తు తెచ్చుకోండి," అన్నాడు. "ఆ గోల్స్ అన్నీ ఆ ఖాళీలోనే పడ్డాయి."

కండక్టరమ్మ వేళ్ల మధ్య ఒక నల్ల అక్షరం నలిగిపోయింది. ఒక్కొక్కరికీ ఒక్కో గోల్ గుర్తొస్తోందని వాళ్ల మొహాలు చూస్తే తెలిసిపోతోంది. మోతగాడు ఉండగా పడ్డవి కొన్ని. అతను లేకపోయాక పడ్డవి ఇంకా ఎక్కువ. ఎందుకంటే అతను లేకపోయాక ఆ ఖాళీని ప్రేమ కొద్దీ మరింత సాగదీశారు.

"అందుకని," అన్నాడు మేనేజరు, "ఆదివారం ఆ ఖాళీ తీసెయ్యండి. చప్పట్లు సాఫీగా కొట్టండి. నాకు వీపు తిప్పితే తిప్పండి, ఫరవాలేదు. అది మాత్రం తీసెయ్యండి."

మామ అప్పుడు లేచాడు. గొంతు పెంచలేదు, పెంచి ఉంటే బాగుండేది. "మాకు వాడిది మిగిలింది అదొక్కటే. జట్టు పోతే పోనీ. అది ఇవ్వం." ఆ మాట అన్నవాడు జట్టు ఓడిన రాత్రి అన్నం ముట్టని మనిషి. కండక్టరమ్మ తల వంచుకుని, జట్టు పోతే గ్యాలరీ కూడా ఉండదు మామా, అప్పుడు ఆ ఖాళీని ఎక్కడ పెట్టుకుంటాం అని అడిగింది. మోతగాడి డ్రమ్ము బస్సు ఎక్కించడానికి రోజూ చెయ్యి సాయం చేసింది ఆమే. చివరికి ముగ్గురూ టైలరక్క వైపు చూశారు.

అదే ఆమెకు కష్టమనిపించింది. ఇన్నాళ్లూ ఆమెను ఎవరూ ఏదీ అడగలేదు. తమ్ముడు లేడన్నది ఆమె ఒక్కతి సంగతిగానే ఉండిపోయింది. ఇప్పుడు గ్యాలరీ గెలవాలా, తమ్ముడు ఉండాలా అన్నది ఆమె చేతుల్లో పెట్టి, అందరూ మర్యాదగా ఎదురుచూస్తున్నారు.

"మీరు అక్కడే ఉంటే ఆదివారం మీకే లాభం కదా," అంది ఆమె మేనేజరుతో. "గెలిచే జట్టును వదిలేసి ఎందుకు వచ్చారు?"

అతను మిగతావాళ్ల వంక చూశాడు. తరువాత, తనకు తానే చెప్పుకుంటున్నట్టు చెప్పాడు. పోయినసారి ఇక్కడ ఆట అయిపోయి, జనం వెళ్లిపోయాక, తను బెంచీ మీద ఒక్కడే కూర్చున్నాడు. వెనక పడమటి గ్యాలరీ తాళం వేసి ఉంది. అక్కడినుంచి చప్పట్లు వినపడ్డాయి. లేచి చూస్తే ఎవరూ లేరు. తరువాత వంతెన దాటి తన మైదానంలోనూ విన్నాడు. తన ఇంటి మేడ మీద కూడా విన్నాడు. ఎక్కడ విన్నా తన వెనకనుంచే.

"నేను దాన్ని దొంగిలించి గెలిచానమ్మా. అది నా కోసమే వస్తోందో, వేరే ఎవరినైనా వెతుక్కుంటూ వస్తోందో నాకు తెలియదు. ఒకటి మాత్రం చెప్పగలను. అది ఎప్పుడూ పూర్తి కాదు."

పూర్తి కాదంటే ఏమిటని కండక్టరమ్మ అడిగింది. అతను చెప్పలేదు. చక్రం మీద ఉన్న టైలరక్క అరచేతినే చూస్తూ నిలబడ్డాడు.

ఆమె దారం తెంపి, గుడ్డ మీది సూది తీసి సూదుల దిండుకు గుచ్చింది. రేపు మైదానంలో ఒకసారి కొట్టి చూద్దాం అంది. ఖాళీ లేకపోతే ఎలా ఉంటుందో విన్నాకే ఏమైనా చెబుతాననీ, ఈలోపు గుడ్డ ఇలాగే ఉండనివ్వమనీ అంది. గుడ్డ "నీ ఒడ్డుకు" దగ్గరే ఆగిపోయింది.

మర్నాడు ఎండ తెల్లగా, గాలి లేకుండా ఉంది. కరెంటాయన చిన్న గేటు తీశాడు. గ్యాలరీవాళ్లలో పని మానుకుని రాగలిగినవాళ్లు వచ్చారు. మామ దుకాణం మూసి వచ్చాడు; అలా మూయడం ఆ వీధి చూసి చాలా కాలమైంది. టైలరక్క తన చోట కూర్చుంది. పక్క సీటు ఎప్పటిలాగే ఖాళీ. అటూ ఇటూ జనం దాన్ని వదిలి సర్దుకున్నారు. కింద మైదానం అంచున మేనేజరు ఒక్కడే నిలబడ్డాడు. అతని వెనక, పచ్చిక అవతల, పడమటి గ్యాలరీ. అక్కడి తలుపులకు తాళాలు. తాళంచెవులు కరెంటాయన నడుముకు వేలాడుతున్నాయి.

టైలరక్క చేతులు లేపింది. కొట్టింది.

మొదట్లో కుదరలేదు. ఎంత వద్దనుకున్నా రెండో దెబ్బ దగ్గర అందరి చేతులూ ఆగిపోయాయి. మామ తన చేతుల్నే తిట్టుకున్నాడు. మళ్లీ మొదలుపెట్టారు. ఆమె కళ్లు మూసుకుని, మిషనుకు కొత్త బెల్టు వేసినట్టు ఊహించుకుంది. జారని బెల్టు. చెయ్యి సాయం అక్కర్లేని చక్రం. అప్పుడు కుదిరింది. చప్పట్లు ఒకదాని వెంట ఒకటి, ఎక్కడా సందు లేకుండా, గట్టి అల్లికలా సాగాయి. బాగుంది. అంత బాగుండడం ఆమె ఓర్చుకోలేకపోయింది. తమ్ముణ్ణి లేతు మిషను దగ్గరినుంచి ఇంటికి తెచ్చిన రోజు, జనం కదలాలి జరగమ్మా అని ఎవరో ఆమెను పక్కకు నెట్టారు. ఇప్పుడు మళ్లీ అలా పక్కకు నెట్టినట్టుంది.

మేనేజరు చెయ్యి ఎత్తాడు. అందరూ ఆపేశారు.

నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో, ఎదుటి గ్యాలరీలోంచి, రెండు చప్పట్లు.

జనం కదలలేదు. కప్పు రేకులు, అన్నాడు కరెంటాయన, మెల్లగా. ఇటు కొట్టినదాన్ని అటువైపు కప్పు తిరిగి ఇస్తుంది, తను మైకులు పెట్టేటప్పుడు ఎన్నోసార్లు విన్నాడు. అంతా తలలూపబోయారు. కండక్టరమ్మ ఒక్కతే ఊపలేదు.

"మనం సాఫీగా కొట్టాం కదా," అంది. "మనం ఇవ్వనిది కప్పు ఎలా తిరిగిస్తుంది?"

కరెంటాయన నడుము దగ్గర తాళంచెవులను చేత్తో తడిమి చూసుకున్నాడు. అన్నీ ఉన్నాయి.

మళ్లీ రెండు. దగ్గర దగ్గరగా. ఆ వెంటనే, ఎవరూ చెప్పకుండానే, గ్యాలరీ అంతా ఊపిరి బిగబట్టింది. ఏళ్ల అలవాటు. మూడోదాని కోసం ఆగారు. మూడోది రాలేదు. ఎంతసేపు ఆగినా రాలేదు. ఊపిరి అందక మామ ముందుగా వదిలేశాడు. కింద మేనేజరు ఇటు తిరిగి టైలరక్కను చూశాడు. అతను నిన్న చెప్పకుండా వదిలేసింది ఇదేనని ఆమెకు అర్థమైంది.

మరి అతనికి అర్థం కానిది ఆమె ఒక్కతికే తెలుసు. వాడు రెండు కొట్టి తల ఎత్తి చూసేవాడు. మూడోది వాడొక్కడిదే ఎప్పుడూ కాదు. ఆ ఖాళీ మణికట్టుదీ కాదు, ఊపిరిదీ కాదు. వాడు ఆమె చేతి కోసం ఆగినంతసేపు అది. వంతెన దాటి, ఇల్లిల్లూ తిరిగి, ఇంకా ఆగే ఉన్నాడు.

మళ్లీ రెండు. ఈసారి ఎదుటి గ్యాలరీలో కాస్త కిందివైపునుంచి, మైదానం అంచు దగ్గరినుంచి. ఆపైన మళ్లీ రెండు, పచ్చిక మధ్యలోనుంచి. అక్కడ ఎండ తప్ప ఏమీ లేదు. మేనేజరు పక్కకు తప్పుకున్నాడు, ఎవరికో దారి ఇచ్చినట్టు.

"అక్కా, ఆ మూడోది నువ్వే కొట్టెయ్యి," అంది కండక్టరమ్మ, గొంతులో మాట గొంతులోనే. "పాపం, ఎంతకాలం నిలబడతాడు."

"కొట్టకమ్మా," అన్నాడు మామ. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. "కొడితే అయిపోతుంది. అయిపోతే ఇంక రాడు."

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. టైలరక్క కుడి అరచెయ్యి, చక్రం మీదికి వెళ్లేటట్టే, తనంతట తాను లేచింది. ఎడమచేతికి ఇంకా జానెడు దూరంలో ఉంది. ఆమె పచ్చిక వంక చూస్తూ, అటునుంచి మళ్లీ వస్తుందని ఎదురుచూసింది.

రెండు చప్పట్లు వినపడ్డాయి. పచ్చికలోంచి కాదు. ఆమె పక్క సీటులోంచి.

ఆమె అటు తిరగలేదు. చెయ్యి గాలిలోనే ఉంది.